అరవై ఏడున్నర సెకన్ల మేధావులు

మే నెల వచ్చిందంటే కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ ఊళ్లలో రెండు రకాల మనుషులు బైకుల మీద దిగుతారు. ఒకరు కంపెనీల కోసం రైతులతో పత్తి విత్తనం పండించే సీడ్ పత్తి ఆర్గనైజర్లు, ఇంకొకరు ప్రైవేటు బడుల పీఆర్వోలు. ఇద్దరి చేతుల్లోనూ రంగురంగుల కాగితాలే, ఇద్దరూ అరుగు మీద కూర్చుని చాయ్ తాగేవాళ్లే. కాకపోతే ఆర్గనైజరుకు కాస్త మొహమాటం ఉంటుంది. గింజలు టెస్టులో ఫెయిలైతే పైసలు రావని ముందే చెప్పి పోతాడు. పీఆర్వో అట్లాంటి అపశకునపు మాట ఎత్తడు.

ఆయన కాగితం మీద ఉండేది ఇది: ‘ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్, ఒలింపియాడ్ బ్యాచ్’. ఈమధ్య కొన్ని కాగితాల్లో ఆరు కాస్తా నాలుగైంది. ఇదే ఊపు సాగితే గర్భిణులకూ ఒక బ్యాచ్ పెడతారు. అభిమన్యుడి కథ మనకు ఉండనే ఉంది. పద్మవ్యూహంలోకి పోవడం నేర్పి బయటికి రావడం నేర్పని చదువుకు అంతకు మించిన బ్రోచరు దొరకదు.

ఇదంతా ఏ బంజారాహిల్స్‌లోనో జరిగితే నాకు పట్టింపు లేదు. జరుగుతున్నది గట్టు మండలం చుట్టుపక్కల. 2016లో పుట్టిన జోగులాంబ గద్వాల జిల్లాకు 2011 జనగణన లెక్కలు విడదీసి చూస్తే అక్షరాస్యత 49.87 శాతం, తెలంగాణ జిల్లాలన్నిటికన్నా తక్కువ. ఆ జిల్లాలో కూడా గట్టు మండలం పేరు చదువు విషయంలో ఎప్పుడూ అడుగునే వినిపిస్తుంది. ఇంటి పెద్దకు పీఆర్వో కాగితం చదివి పెట్టడానికి పక్కింటి పిల్లను పిలవాల్సి వస్తుంది. ఆ పిల్ల చదివేది సర్కారు బడిలో.

సంభాషణ సుమారుగా ఇట్లా నడుస్తుంది:

“అన్నా, మా దగ్గర ఇంటిగ్రేషన్ ఎనిమిదో తరగతికే అయిపోతది.”

“అయిపోతే తొమ్మిదిల ఏం జేస్తరు సారూ?”

“రివిజన్ అన్నా.”

“పదిల?”

“గ్రాండ్ టెస్టులు.”

“మరి లెక్కలు ఎప్పుడు జెప్తరు?”

ఈ చివరి ప్రశ్నకు ఏ బ్రోచరులోనూ జవాబు లేదు. మన దగ్గర అడ్వాన్స్‌డ్ అంటే లోతుగా చెప్పడం కాదు, తొందరగా చెప్పడం. మూడులో రెండు వంతులకూ నాలుగులో మూడు వంతులకూ తేడా ఎంతో చెప్పలేని పిల్లవాడు సైన్ స్క్వేర్, కాస్ స్క్వేర్ కలిపితే ఒకటి అని గుక్క తిప్పుకోకుండా అంటాడు. ఏ ఒకటి, ఎందుకు ఒకటి అని అడిగితే బిత్తర చూపులు చూస్తాడు. తండ్రి మాత్రం మురిసిపోతాడు. తనకు తెలియనిది కొడుకు నోటి వెంట వస్తుంటే ఏ తండ్రికైనా సంబురమే. ఫీజు కట్టించుకునేది ఆ సంబురానికే.

తొందర ఎందుకో తెలుసుకోవాలంటే చిన్న భాగహారం చేయాలి. ఒకప్పుడు ఎంసెట్ అని పిలిచిన ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అందులో సగం, అంటే 80 ప్రశ్నలు గణితానివి. ఒక్కో ప్రశ్నకు అరవై ఏడున్నర సెకన్లు. ఈ సమయంలో చదవాలి, ఆలోచించాలి, చేయాలి, గుర్తు పెట్టాలి. నాలుగూ కుదరవు కనుక రెండోదాన్ని వదిలేయమని కోచింగ్ చెబుతుంది. నాలుగు జవాబుల్లో రెండింటిని చూడగానే కొట్టేయడం, మిగిలిన వాటిలో సున్నా పెట్టి చూడటం, కుదరకపోతే ఒకటి పెట్టి చూడటం. దీనికి షార్ట్‌కట్ మెథడ్ అని పేరు. గణితాన్ని ముట్టుకోకుండా గణితంలో మార్కులు తెచ్చుకోవడం కూడా ఒక విద్యే, కాదనను.

ఇక ఒలింపియాడ్ బ్యాచ్. అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ అని ఒకటి నిజంగానే ఉంది, భారత జట్టు 1989 నుంచి పోతోంది. అక్కడ రెండు రోజుల పరీక్ష. రోజుకు మూడు ప్రశ్నలు, నాలుగున్నర గంటలు. ఒక్కో ప్రశ్నకు గంటన్నర పడుతుంది, 7 మార్కులు వస్తాయి. పీఆర్వోకు చెబితే గుండె ఆగిపోయే సంగతి ఇంకొకటుంది: అక్కడ కాలిక్యులస్ అక్కరలేదు. జ్యామితి, సంఖ్యలు, బీజగణితం, లెక్కపెట్టే నేర్పు, ఇవే. హైస్కూలు పుస్తకంలోని సరుకుతోనే గంటన్నర కుస్తీ పట్టాలి. అంటే మనవాళ్లు ఒలింపియాడ్ పేరు పెట్టి, అక్కడ అడగనిది ముందుగా చెప్పి, అక్కడ కావలసిన ఓపికను చిన్నప్పుడే చంపేస్తున్నారు. ఆ బ్యాచ్‌కు ఫీజు కొంచెం ఎక్కువ.

పై తరగతుల గణితం మీద నాకు కోపం లేదు. మన ఇంటర్ ఎంపీసీ గణితం గట్టి సరుకు. ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు, శాంకవాలు, డిమావర్ సిద్ధాంతం, సమీకరణ వాదం, సంభావ్యత, ఇవన్నీ పదిహేడేళ్ల పిల్లలకు రెండేళ్లలో చెప్పాలని ఎవరో పెద్దమనసుతో అనుకున్నారు. 75 మార్కుల పేపరులో 7 మార్కుల ప్రశ్నలు ఐదు రాయాలి, అడుగు అడుగూ చూపించి రుజువు చేయాలి. ఒలింపియాడ్‌కూ దీనికీ ప్రశ్నకు ఇచ్చే మార్కులు ఒకటే కావడం యాదృచ్ఛికమే కానీ, ఉద్దేశం కూడా దూరపుది కాదు. చిక్కు ఎక్కడ పడిందంటే, ఏ అధ్యాయం నుంచి ఏ ప్రశ్న వస్తుందో ఏళ్లుగా ఖాయం. ఫస్టియర్ ఏ పేపరులో పద్దెనిమిదోది ప్రమేయాలు, పంతొమ్మిదోది గణితానుగమనం. గణితానుగమనం మనిషి కనిపెట్టిన అందమైన ఆలోచనల్లో ఒకటి. ఒకటికి నిజమని చూపించు, ఒకదానికి నిజమైతే దాని తరువాతిదానికీ నిజమవుతుందని చూపించు, అంతే, అనంతం దాకా నీదే. మన పిల్లలకు అది సత్యనారాయణ వ్రతంలా వస్తుంది, ఏ మాట తరువాత ఏ మాటో తెలుసు, ఎందుకో తెలియదు.

ఫస్టియర్ బీ పేపరులో ఒక కిటికీ ఉంది. కింద దీర్ఘచతురస్రం, పైన అర్ధవృత్తం, చుట్టుకొలత 20 అడుగులు, వైశాల్యం ఎంత పెద్దది కావచ్చో చెప్పాలి. ఎన్నో బ్యాచ్‌ల పిల్లలు ఆ కిటికీని కట్టి పోయారు. జవాబు ఇరవై ఎనిమిది చదరపు అడుగులని అంకెల్లో చెప్పమంటే ఒక్కరూ చెప్పరు, ఎందుకంటే కీలో రెండు వందలు బై పై ప్లస్ నాలుగు అని ఉంది. ఆ కిటికీలోంచి బయటికి చూడమని వాళ్లకెవరూ చెప్పలేదు.

చూస్తే కనిపించేది సీడ్ పత్తి. సాయంత్రం ఆడ వరుస మొగ్గల్లోంచి పుప్పొడి కాడలు తీసేయాలి, తెల్లారి మగ వరుస పూలు తెచ్చి వాటికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఆ రోజుల్లో గట్టు, ధరూరు, మల్దకల్ వైపు బడి హాజరు పట్టీలో నాగాలు పెరుగుతాయి, చిన్న వేళ్లకు చేలో గిరాకీ కనుక. పంట చేతికొచ్చాక గింజల నమూనా కంపెనీకి పోతుంది. వాళ్లు దాన్ని పెంచి, ఎన్ని మొక్కలు అసలు హైబ్రిడో, ఎన్ని కావో లెక్కపెడతారు. దీన్ని జీఓటీ, అంటే గ్రో అవుట్ టెస్ట్ అంటారు. అసలు మొక్కలు కంపెనీ పెట్టిన గీతను అందుకుంటే పైసలు, అందుకోకపోతే ఫెయిల్. ఆ ఫలితం వచ్చేదాకా పెట్టుబడికి తెచ్చిన అడ్వాన్సు మీద మిత్తి నడుస్తూనే ఉంటుంది.

ఒక్క నిమిషం లెక్క చేద్దాం, అరవై ఏడున్నర సెకన్లు దాటినా సరే. ఒక రైతు గింజల్లో నిజంగానే నూటికి 98 అసలువి అనుకుందాం. కంపెనీ గీత కూడా 98 అనుకుందాం. నమూనాగా వంద మొక్కలు పెంచారనుకుందాం. రైతు న్యాయంగా పాస్ కావాలి. కానీ ఆ వందలో రెండుకు మించి తేడా మొక్కలు వచ్చే అవకాశం ద్విపద విభాజనం ప్రకారం సుమారు 32 శాతం. అంటే ఏ తప్పూ చేయని ముగ్గురు రైతుల్లో ఒకరు ఫెయిల్. నమూనా పెంచాలని, మళ్లీ టెస్టు చేయించాలని ఎందుకు అడగాలో ఈ ఒక్క లెక్కలో ఉంది.

ఈ లెక్క ఏ అమెరికా యూనివర్సిటీ సరుకూ కాదు. సెకండియర్ ఏ పేపరులో యాదృచ్ఛిక చలరాశుల అధ్యాయం. పుస్తకంలో నాణేలు ఎగరేస్తారు, పాచికలు వేస్తారు, పాడైన బల్బులు ఏరుతారు. పత్తి మొక్క ఒక్కటీ మొలవదు. కొడుకు ఆ అధ్యాయంలో ఏడుకు ఏడు తెచ్చుకుంటాడు, తండ్రి జీఓటీ ఫెయిలై తల పట్టుకుంటాడు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే లెక్క ముందు కూర్చున్నారని ఇద్దరికీ తెలియదు.

ఈ తొందర జబ్బు మన ఒక్కరిదే అనుకుని కుమిలిపోనక్కరలేదు. న్యూజెర్సీలో మనవాళ్ల పెళ్లిళ్లలో పలకరింపు ఇప్పుడు ‘మీ అమ్మాయి కాలిక్యులస్ ఏ గ్రేడ్‌లో తీసుకుంది’ అనే. దీనికి విరుగుడని శాన్‌ఫ్రాన్సిస్కో బడులు 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రానే ఎత్తేశాయి. అందరూ సమానమవుతారట! డబ్బున్నవాళ్లు బయట కొనుక్కున్నారు, లేనివాళ్లు ఊరుకున్నారు. 2024 మార్చిలో ఓటింగు పెడితే జనం ఆల్జీబ్రా తిరిగి కావాలన్నారు. కష్టమైన గణితాన్ని పేదపిల్లల మీద జాలితో తీసేయడం, పీఆర్వో చేసేదానికన్నా మర్యాదగా చేసే అదే మోసం. మన దగ్గరా ఒకప్పుడు కాంపోజిట్ లెక్కలు, జనరల్ లెక్కలు అని పదో తరగతిలోనే పిల్లల్ని రెండు వరుసల్లో నిలబెట్టారు. ఇప్పుడు సీబీఎస్‌ఈలో స్టాండర్డ్, బేసిక్ అంటున్నారు. గట్టు పిల్లను ఏ వరుసలోకి తోస్తారో జాతకం చూడనక్కరలేదు.

హైదరాబాద్ నల్లకుంటలో, ఐఐటీ కోచింగ్‌కు పేరుపడ్డ చుక్కా రామయ్య గారు పిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చేయించిన రోజుల్లోనే, ఆయన దగ్గర సీటు రావడానికి కోచింగ్ ఇచ్చే సెంటర్లు పుట్టాయి. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉండగా మన వ్యాపారులు ఆ సెంటర్లనే నమూనాగా తీసుకున్నారు.

వచ్చే మేలో పీఆర్వో వస్తే ఈ కింది ప్రశ్న ఆయన చేతిలో పెట్టండి. ఒలింపియాడ్ బ్యాచ్ సారుతో చేయించుకు రమ్మనండి.

‘గట్టు మండలంలో ఒక రైతు నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి లక్ష రూపాయలు తెచ్చి సీడ్ పత్తి వేశాడు. జీఓటీ ఫలితం పదో నెలలో వచ్చింది, ఫెయిల్. గింజలు నిజంగా బాగాలేవా, నమూనా చాలలేదా అన్నది తేల్చడానికి అతను ఎన్ని మొక్కల టెస్టు అడగాలి? అంతలోపు మిత్తి ఎంతవుతుంది? అతని కూతురు క్రాసింగ్‌కు పోయి బడి మానిన రోజుల విలువను ఏ యూనిట్లలో కొలవాలి? ప్రతి అడుగుకూ కారణం రాయవలెను. 7 మార్కులు. ఆప్షన్లు లేవు. సమయం గంటన్నర.’