పొయ్యి లేని బండి కావాలి

మా తమ్ముడు మోటార్‌హోమ్ కొంటాడట. ఆడవాళ్ళ కోసమేనట. "మీరంతా హాయిగా తిరిగి రండక్కా" అంటూ రంగుల కాగితం ఒకటి నా ముందు పరిచాడు. మొదటి పేజీలో పొయ్యి. రెండో పేజీలో ఫ్రిజ్, సింకు. మూడో పేజీలో మైక్రోవేవ్, దాని పక్కనే గరిటె పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. అదే బొమ్మలో ఆవిడ ఆయనగారు బయట మడత కుర్చీలో కాళ్ళు చాపుకుని కొండల్ని చూస్తున్నారు. టాయిలెట్ ఉందా అని వెతగ్గా వెతగ్గా ఆఖరి పేజీ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో దొరికింది.

మా పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒకటే అడిగింది. "ఏట్రా, ఆ బండిలో పొయ్యి కూడా ఉందేటి? అయితే నాను రాను."

నాలుగు రోజులు ఇల్లు వదిలి పోదామంటే ఇంటికే చక్రాలు బిగించి తెచ్చాడు మావాడు! ఇక్కడ వండిన ఉప్మానే లంబసింగి మంచులో వండాలి. తేడా ఏమిటంటే అక్కడ వేళ్ళు కొంకర్లు పోతాయి. వీడు మాత్రం "అబ్బ, ఈ చలిలో వేడి వేడి ఉప్మా!" అని ఫోన్లో వీడియో తీసుకుంటాడు.

మా నర్సీపట్నం వాళ్ళకి ప్రయాణమంటే రోడ్డే. నర్సీపట్నం రోడ్ అని రైల్వే స్టేషనైతే ఉంది గానీ అది ఊళ్ళో లేదు, పేరులోని ఆ రోడ్డు పట్టుకుని పోతేనే వస్తుంది. చలికాలమొస్తే లంబసింగి మంచు కోసం ఎక్కడెక్కడి కార్లూ మా అబీద్ సెంటర్ మీదుగానే ఘాటెక్కుతాయి. ఆ కార్లలోని ఆడవాళ్ళని ఎప్పుడైనా గమనించారా? టీ వద్దంటారు. నీళ్ళు వద్దంటారు. దాహం లేక కాదు. దారిలో దిగాల్సి వస్తే ఎక్కడికి పోవాలో తెలియక.

ఆడవాళ్ళ ఈ ఇబ్బంది సినిమావాళ్ళకి ముందే తెలుసు. కారవాన్ అనగానే మనకి గుర్తొచ్చేది తారల దర్జా. పూరి జగన్నాథ్‌ని ఇచ్చిన ఊరు కాబట్టి మాకు ఇంకొంచెం ఎక్కువే గుర్తొస్తుంది. కానీ అవుట్‌డోర్ షూటింగులో చెట్టు చాటున చీర అడ్డం పెట్టించుకుని బట్టలు మార్చుకున్న రోజుల్ని పాతతరం నటీమణులు చెబుతూనే ఉన్నారు. వాళ్ళకి ఆ బండి దర్జా కాదు, తలుపున్న గది. లోపల గడియ, ఒక టాయిలెట్. పొయ్యి ఊసు ఎవరూ ఎత్తలేదు.

మళ్ళీ మావాడి దగ్గరికొద్దాం. బండి ఎంచుకోడానికి వాడికి మూడు కొలతలున్నాయి: పొడుగెంత, టీవీ ఎన్ని అంగుళాలు, పక్కింటివాళ్ళు ఎంతసేపు చూస్తారు. పొడుగు బండితో ఘాట్ మలుపు తిప్పడం ఎలాగరా అంటే "డ్రైవర్ని పెట్టుకుందాం" అన్నాడు.

"నాకు లైసెన్సుంది కదరా!"

"అది కారుకి కదక్కా."

ఒరేయ్, 7,500 కిలోల లోపు బండిని చట్టం లైట్ మోటార్ వెహికల్ అనే అంటుంది. ఆ లైసెన్సుతో ఆ బరువులోపు రవాణా బండ్లు కూడా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. టెంపో ట్రావెలర్ మీద కట్టిన మోటార్‌హోమ్ ఆ బరువుకి చాలా కిందే ఉంటుంది. స్టీరింగు నాకిచ్చి గరిటె నువ్వు పట్టుకో అన్నాను. నవ్వాడు. వాడికది జోకు.

ఆడది బండి తోలడం నిన్నా మొన్నటి మాట కాదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే జర్మన్ ఇల్లాలు, మొగుడు తయారుచేసిన మూడు చక్రాల కారుని మొగుడికి చెప్పకుండానే బయటికి తీసింది. ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్జ్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్ల పైచిలుకు పోయింది. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొంది, గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఆ కారులో గనక గ్యాసు పొయ్యి ఉండి ఉంటే పిల్లల టిఫినయ్యేసరికి పొద్దెక్కి మొగుడు లేచేవాడు, కారు ప్రయాణాల చరిత్ర మరో ఏడాది వాయిదా పడేది. అంత వెనక్కెందుకు? 2020లో చైనాలో సూ మిన్ అనే యాభై దాటిన ఆవిడ, కాపురంలో పడ్డ బాధలు చాలనుకుని చిన్న కారు నెత్తిన గుడారం బిగించుకుని ఒంటరిగా దేశం మీద పడింది. ఆ కారుకి సోఫాల్లేవు, 43 అంగుళాల టీవీ లేదు. తాళం మాత్రం ఆవిడ చేతిలో ఉంది.

అందుకని ఈసారి కొలతలు మేం చెప్పాం. బండి పొట్టిగా ఉండాలి, ఘాటు మలుపులో ఒక్క తిప్పుకి తిరగాలి. నీళ్ళ ట్యాంకు అవసరమైనంతే. వంద లీటర్లంటే క్వింటా బరువు, మలుపు మలుపుకీ అది అటూ ఇటూ పొర్లి బండిని ఊపుతుంది. పడుకునే చోటు నుంచి కిందికి దిగకుండానే స్టీరింగు దగ్గరికి వెళ్ళే దారుండాలి, అర్ధరాత్రి ఎవడైనా తలుపు కొడితే తియ్యకుండా బండే తీసుకుని పోడానికి. గడియ లోపలివైపు గట్టిగా ఉండాలి. టాయిలెట్ మొదటి పేజీలో ఉండాలి.

టాయిలెట్ అనేసరికి మావాడికి సందేహమొచ్చింది. దాని కింద పెట్టె ఉంటుందట, రెండు మూడు రోజులకోసారి బయటికి లాగి పారబోయాలట. "ఎవరు పారబోస్తారు?" అని మా ఆడవాళ్ళ ముఖాలు వరసగా చూశాడు. ఎవరో సరే, ఎక్కడరా? తాజంగి జలాశయంలోనా? కారవాన్ టూరిజమని ప్రభుత్వం ఉత్సాహంగానే ఉంది. కేరళ 2021లో విధానం ప్రకటించినప్పుడు బండితోపాటు బండి ఆగే పార్కు గురించీ చెప్పింది. బండికి రిబ్బను కత్తిరిస్తే ఫొటో బాగుంటుంది. మురుగు గొట్టానికి కత్తిరించేవాళ్ళని నేనింకా చూడలేదు.

బేరం అక్కడే ఆగింది. పొయ్యి తీసేస్తే ధర తగ్గుతుందా అని మావాడు కంపెనీకి ఫోన్ చేశాడు. "పొయ్యి లేకపోతే లేడీస్‌కి ఇబ్బంది కదా సార్" అన్నాడట అవతలివాడు.

పెద్దమ్మ ఆగలేదు. మొన్న స్త్రీశక్తి ఉచిత టికెట్టు మీద చింతపల్లి పల్లెవెలుగు ఎక్కి లంబసింగి చూసొచ్చింది. ఒక్క పైసా పెట్టలేదు, ఒక్క పూట వండలేదు. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరిన దగ్గర్నుంచి రాత్రి తిరిగొచ్చేదాకా ఒక్క చుక్క మంచినీళ్ళు కూడా తాగలేదు.