చొక్కా కింద తుపాకీ

సిద్దిపేటలో రహస్యంగా రివాల్వర్ కొనొచ్చని ఎవరైనా అనుకుంటే, వాళ్లు ఈ ఊరివాళ్లు కాదు. నాది ఈ ఊరే. అయినా కొనాలనిపించిందంటే దానికి కారణం డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, ఇరవై ఒక్కేళ్లు నిండి చట్టం అడ్డుపడని మనిషి లైసెన్సు లేకుండానే పిస్తోలు నడుముకు పెట్టుకు తిరగొచ్చట. "నువ్వూ ఒకటి పెట్టుకో మామా" అన్నాడు, అదేదో భుజాన వేసుకునే కండువా అయినట్టు.

సరుకు మన దగ్గరా ఉంది. 2014లో కాన్పూరు ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని ఆడవాళ్ల కోసం ఒక .32 రివాల్వర్ తెచ్చింది. అర కిలో బరువు, ఆరు తూటాలు, ధర అప్పుడే లక్షా ఇరవై వేల పైన. 2023లో వచ్చిన 'ప్రబల్' గురి యాభై మీటర్లు. మా గల్లీ పొడవే అంత లేదు.

"గా పైసలతోని బంగారం గొంటే మెడలేసుకుంట, నలుగురు జూస్తరు. గది ఎవలకు జూపిస్తవ్?" అంది మా ఆవిడ.

ఎవరికీ చూపించకూడదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బయట తిరిగేటప్పుడు తుపాకీ కప్పే ఉండాలి. బరాత్‌లో సంబరంగా గాల్లోకి పేల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే 2019 సవరణ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఎన్నికల కోడ్ వస్తే స్టేషన్‌లో అప్పజెప్పమంటారు. మనకు ఎన్నికలు ఎప్పుడు లేవు గనుక!

2016లో జిల్లాతోపాటే పోలీస్ కమిషనరేటూ వచ్చింది కాబట్టి దరఖాస్తు కమిషనర్‌కి. ఒంటికీ బుద్ధికీ డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ పట్టడం వచ్చని ఇంకో సర్టిఫికెట్. అవి తేవచ్చు. ప్రాణభయం ఎవరి వల్ల అన్న దగ్గర ఆగిపోయాను. ఇన్నేళ్లు బతికి ఒక్క దుష్మన్‌నీ సంపాదించలేదు. ఎంత ఆలోచించినా తేలింది జానెడు గెట్టు కోసం పంచాయితీ నడుస్తున్న పక్క చేనాయన ఒక్కడే. ఆయన ఇప్పటిదాకా ఎత్తిన ఆయుధం గొంతు మాత్రమే.

తర్వాత విచారణ. "మనిషెసొంటోడు?" అని ఇరుగుపొరుగును అడగందే లైసెన్సు రాదు. పొద్దున అడిగారు. సాయంత్రం కోమటిచెరువు కట్ట మీద నడకకు వెళ్తే అందరూ ముందు నా నడుము చూసి, ఆ తర్వాత ముఖం చూశారు. "నిన్నెవడు సంపుతడే?" అని ఒక పాత దోస్తు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో పక్క చేనాయన. గెట్టు ఊసే ఎత్తలేదు. చాయ్ తాగి, గొంతు తగ్గించి అడిగాడు:

"అన్నా, తుపాకి వచ్చినంక ఒక్క రాత్రికిస్తవా? మక్కచేన్ల అడివిపందులు వడ్డయ్."