చురక: ఆవు కట్టిన ఫీజు

బహమనీ సుల్తానుల మంత్రి మహమూద్ గవాన్ 1472లో బీదర్‌లో మదర్సా కట్టించి, పండితుల కోసం పర్షియా దాకా కబురు పెట్టాడు. పాపం, ఆయనకు జహీరాబాద్ - బీదర్ బస్సు తెలియదు. అది ఎక్కితే దిగేలోగా తోటి ప్రయాణికులు మీ పిల్లవాడి భవిష్యత్తు తేల్చేస్తారు. "నీట్ రాయించు. ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది కోచింగ్. అప్పుడూ రాకపోతే మరో ఏడాది!" వాడికేం ఇష్టమో అడిగే ప్రయాణికుడు ఇంకా ఎక్కలేదు.

వాడు లోహంపై వెండి పొదిగే బిద్రీ పని నేర్చుకుంటానంటే బంధువులు పరామర్శకు వస్తారు. డాక్టరుగారికి కానుకివ్వడానికి మాత్రం బిద్రీ కూజాయే కావాలి.

పోనీ, 2004లో పుట్టిన పశువైద్య విశ్వవిద్యాలయం బీదర్‌లోనే ఉంది కదా అనండి. "పశువుల డాక్టరా? సంబంధాలొస్తాయా?" అని మూతి విరుస్తారు. కోచింగ్ ఫీజు కట్టేది ఇంట్లో దేవణి జాతి ఆవు పాల డబ్బుతోనే. ఆవుకు జ్వరమొస్తే అర్ధరాత్రి పశువైద్యుడి తలుపు తడతారు. "సారూ, మా పాలిట దేవుడు మీరే" అని దండం పెడతారు. సూది మందు వేయించుకుని వెళ్తూ వెళ్తూ ఆయన్నే అడుగుతారు:

"మావాడికి ఎంబీబీఎస్ సీటు ఎక్కడ తక్కువకొస్తుందో కాస్త చూసి చెప్పండి సారూ. లేకపోతే వాడు కూడా మీలాగే అయిపోతాడేమోనని భయంగా ఉంది!"