టీచరమ్మ ప్రాక్టికల్స్

యోగా టీచర్ కోర్సులో చేరానని చెప్పిన రోజుతో మా ఇంట్లో నాకు కోప్పడే హక్కు రద్దయింది. గ్యాస్ బండ రాలేదని ఫోనులో కాస్త గొంతు పెంచితే చాలు, మావారు పేపర్లోంచి తలెత్తకుండానే "యోగా, యోగా" అంటారు. మా అబ్బాయి "అమ్మా, ఊపిరి బాగా పీల్చి వదులు" అంటాడు, అదీ వాడి మార్కుల సంగతి అడిగినప్పుడు మాత్రమే. పక్క ఫ్లాట్ వదినగారు పాపం నోటితో ఏమీ అనలేదు. నా నడుము వంక ఓసారి చూసి "ఓహో" అన్నారు.

కోర్సంటే ఒళ్ళు వంచడమేనని లోకం నమ్మకం. పతంజలి లెక్క వేరు. ఆయన రాసిన సూత్రాలు 196, కొందరి లెక్కలో 195. వాటిలో ఆసనం కోసం ఖర్చుపెట్టినవి మూడే మూడు. స్థిరంగా, సుఖంగా ఉండమన్నాడు తప్ప తలకిందులుగా నిలబడమని ఎక్కడా అనలేదు. తక్కినదంతా చాలావరకు మనసు గొడవే. సాధనకి అడ్డొచ్చేవి తొమ్మిదట: రోగం, మందకొడితనం, అనుమానం, అజాగ్రత్త, బద్ధకం, వ్యామోహం, భ్రమ, పట్టు చిక్కకపోవడం, చిక్కినా నిలవకపోవడం. చదువుతుంటే మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు మినిట్స్ చదువుతున్నట్టే ఉంది.

హఠయోగ ప్రదీపిక మరీ కఠినం. పొట్టలో నాలుగో వంతు ఖాళీగా ఉంచమంటుంది. రాసిన స్వాత్మారాముడు మా గుంటూరు వైపు పెళ్ళి భోజనానికి వచ్చి ఉండడు. వస్తే మా మేనత్త "ఇదేం తిండి నాయనా" అంటూ ఆ నాలుగో వంతులో రెండు బొబ్బట్లు, వాటి మీద గరిటెడు నెయ్యి వేసేది. యోగాన్ని చెడగొట్టే వాటిలో అతిగా తినడం, అతిగా మాట్లాడడం కూడా ఉన్నాయి. ఆ రెండూ తీసేస్తే మా బంధువర్గంలో మిగిలేది గ్రూపు ఫోటోలే.

ఇక మాలాసనం. హాల్లో చాప పరుచుకుని, మడమలు లేవకుండా గొంతుక్కూర్చోవాలని కుస్తీ పడుతున్నాను. వంటగది గుమ్మంలో అత్తయ్యగారు కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు చెక్కుతున్నారు. ఒక మోకాలు నేల మీద, ఒకటి పైకి, వెన్ను నిటారుగా. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. చెక్కడం ఆపి నన్ను కాసేపు చూశారు. "ఇలా కూర్చోడానికి డబ్బులు కట్టావుటే అమ్మాయ్?" అన్నారు. తర్వాత మళ్ళీ కత్తి మీదికే చూపు. అది కాస్త పక్కకి పోతే వేలు తెగుతుంది. ధారణ, అంటే మనసుని ఒక్కచోట నిలపడం గురించి ఇంతకంటే పదునైన పాఠం మా కోర్సులో లేదు. పని కాగానే చెయ్యి ఎక్కడా ఆనించకుండా లేచి, బీరపొట్టు పచ్చడికి విడిగా తీసిపెట్టి వెళ్ళిపోయారు.

ఆయుష్ శాఖ కింద 2018లో పెట్టిన యోగా సర్టిఫికేషన్ బోర్డు వారి పరీక్ష పాసై, మా టెర్రస్ మీదే క్లాసు మొదలుపెట్టాను. అసలు ప్రాక్టికల్స్ అక్కడున్నాయి. రిటైర్డ్ హెడ్మాస్టరుగారు కాళ్ళు చాపి ముందుకి వంగితే చేతివేళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాయి. అప్పుడు టీచరుకి చేతులు దురద పెడతాయి: వీపు మీద ఒక్క తోపు తోస్తే బొటనవేళ్ళు అందేయవూ! యమాల్లో, అంటే సాధకుడు పాటించాల్సిన కట్టుబాట్లలో, మొట్టమొదట అహింసనే పతంజలి ఎందుకు పెట్టాడో అప్పుడు తెలుస్తుంది. బి.కె.ఎస్. అయ్యంగార్ అంతటివారే ఒంగలేని వాళ్ళ కోసం బెల్టులు, దిమ్మెలు, కుర్చీలు వాడుకలోకి తెచ్చారు. నేను మాస్టారికి పాత వాయిల్ చీర అందించాను. పాదాలకి తగిలించి రెండు కొసలూ పట్టుకున్నారు. బిగిసిపోయిన దవడ మెల్లగా వదులైంది.

"వచ్చిందా అమ్మా?"

"వచ్చింది మాస్టారూ."

వేళ్ళు ఇంకా జానెడు దూరంలోనే ఉన్నాయి. వచ్చింది దవడకి. కోర్సు రోజుల్లో అద్దంలో నా పొట్ట తప్ప మరేదీ కనపడని కళ్ళకి ఎదుటివాళ్ళ దవడ కనపడడం మొదలైందంటే, టీచరుగిరీ కాస్త ఒంటబట్టినట్టే.

టీచరుకి అన్నిటికంటే కష్టమైన ఆసనం శవాసనం. అందరూ హాయిగా పడుకుంటారు, మనం నోరు మూసుకోవాలి. అసోసియేషన్ సెక్రటరీగారు గురక అందుకుంటారు. "శ్వాసని గమనించండి" అని మధుర స్వరంతో చెప్పాలని నాలుక పీకుతుంది. ఆయన శ్వాసని టెర్రస్ మొత్తం గమనిస్తూనే ఉంది, ఇంక చెప్పేదేముంది? ఊరుకోవడం అలవాటైంది. ఈ మాట మావారు నమ్మరు.

మొన్న మూడో అంతస్తు పిన్నిగారు వచ్చి "ఎన్నాళ్ళు చేస్తే షుగరు మాత్రలు మానేయొచ్చు?" అని అడిగారు. చేతిలో ఫీజు డబ్బులు మడిచి పట్టుకునే ఉన్నారు. "యోగా మంచిదే పిన్నిగారూ, మాత్రల సంగతి మాత్రం మీ డాక్టరుగారే చెప్పాలి" అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. మర్నాడే, షుగరుని పొలిమేర దాటిస్తానన్న మరో గురువుగారి దగ్గర చేరారు. ఉన్నమాట చెప్పడం సత్యం, పోయిన ఫీజు తలుచుకుని కుమిలిపోకపోవడం అపరిగ్రహం. కోర్సు పుస్తకంలో అపరిగ్రహం అర పేజీ. ప్రాక్టికల్స్‌లో నెలకి అయిదు వందలు.