ఎర్రగీత సాక్షిగా

మా ఇంట్లో టీవీకి జ్ఞాపకశక్తి ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పాత డబ్బా టీవీ ఎంత మర్యాదస్తురాలో! రాత్రి మనం ఏం చూసినా స్విచ్ కట్టేయగానే మరిచిపోయేది. పొద్దున ఎవరొచ్చి వేసినా అన్నెంపున్నెం ఎరగనట్టు మొహం పెట్టేది. ఇప్పుడు గోడకు తగిలించుకున్నది అలాంటిది కాదు. పేరుకు స్మార్ట్. బుద్ధి మాత్రం అరుగు మీద కూర్చుని ఎవరింటికి ఎవరొచ్చారో, ఎప్పుడు పోయారో లెక్కపెట్టే ముసలమ్మది. ఏం చూశాం, ఎంతసేపు చూశాం, ఎక్కడ ఆపాం, అన్నీ గుర్తుపెట్టుకుని ఒక్కో బొమ్మ కింద ఎర్రగీత గీసిపెడుతుంది. ఆ గీతలు నా ముప్ఫయ్యేళ్ల పరువును ఒక్క ఆదివారం మధ్యాహ్నం ఎలా తీశాయో చెప్పుకుని కడుపుబ్బరం తగ్గించుకుందామని కూర్చున్నాను.

ముందు ఆ పరువు ఎలా సంపాదించానో చెప్పాలి.

సూర్యాపేట నుంచి కోచింగ్ కోసమని దిల్‌సుఖ్‌నగర్ వచ్చినవాణ్ణి. అక్కడ అప్పుడూ ఇప్పుడూ మెట్లున్న చోటల్లా ఒక కోచింగ్ బోర్డు ఉంటుంది. నా ఖర్మకొద్దీ ఆ బోర్డుల మధ్యనే కోణార్క్, వెంకటాద్రి థియేటర్లు కూడా ఉండేవి. కోచింగ్ తీసుకున్న పరీక్ష పోయింది. తీసుకోనిదొకటి తగిలి గుమాస్తానయ్యాను. బట్టీపట్టిన జనరల్ నాలెడ్జి మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ‘మాయాబజార్’ 1957, దర్శకుడు కె.వి.రెడ్డి. అందులో నాలుగు పాటలకు బాణీలు కట్టి సాలూరు రాజేశ్వరరావు తప్పుకుంటే మిగతా భారం ఎత్తుకున్నది ఘంటసాల. ‘శంకరాభరణం’ 1980, బాలుకు మొదటి జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. పెళ్లి భోజనాల్లో పప్పుకీ సాంబారుకీ మధ్య ఈ మూడు ముక్కలు చెబితే చాలు, పెరుగు వచ్చేసరికి మనం రసికులమైపోతాం. నేను అలా అయినవాణ్ణే.

సంగీతంలో నాకు తెలిసిన రాగం ఒక్కటే, మోహన. ‘లాహిరి లాహిరి’ పాట మోహన రాగమని ఎక్కడో చదివాను. ఆనాటి నుంచి ఏ పాట వినబడినా కళ్లు మూసుకుని “మోహన” అంటాను. రాగాలు తెలియనివాళ్లు తలాడిస్తారు. తెలిసినవాళ్లు మొహమాటానికి “ఆ ఛాయలున్నాయి లెండి” అంటారు. ఒకసారి ఈ కీర్తి నిలబెట్టుకోవడానికి ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో బండి మారి, చిక్కడపల్లిలో దిగి త్యాగరాయ గానసభలో కచేరీకి వెళ్లాను. రెండో కీర్తనకు కళ్లు మూసుకున్నాను. పక్కాయన తన్మయత్వం అనుకుని గౌరవంగా చూశాడట. తని ఆవర్తనం దగ్గర నా గురక మృదంగంతో తాళం తప్పేసరికి అసలు సంగతి అర్థమైంది ఆయనకు.

2018 సెప్టెంబరులో మెట్రో అమీర్‌పేట నుంచి మా ఎల్‌బీ నగర్ దాకా వచ్చాక నా సినిమా పరిజ్ఞానం కూడా పట్టాలెక్కింది. మాది చివరి స్టేషను, అంటే ఎక్కేవాళ్లకు మొదటిది. సీటు ఖాయం. అయినా నేను నిలబడతాను. పెద్దవాళ్లకు సీటు వదిలే సంస్కారమని మా ఆఫీసులో చెప్పుకుంటారు. నిలబడితే కూర్చున్నవాళ్ల ఫోన్లు పైనుంచి బాగా కనబడతాయన్నది నా లెక్క. ఇందులో కష్టాలు లేకపోలేదు. చైతన్యపురిలో హీరో ఏడవడం మొదలుపెడతాడు, ఫోనున్న పిల్లాడు మూసారంబాగ్‌లో దిగిపోతాడు. ఎందుకు ఏడ్చాడో తెలియక ఆ రోజంతా ఫైళ్ల మీద మనసు నిలవదు. ఒక సినిమానైతే మూడు వారాలు ముగ్గురు అపరిచితుల ఫోన్లలో ముక్కలు ముక్కలుగా పూర్తిచేశాను. చేసి, క్యాంటీన్‌లో అందరి ముందూ తీర్పిచ్చాను: “కథ బాగుంది, నేపథ్య సంగీతమే చంపేసింది” అని. ఆ ముగ్గురూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూశారన్న సంగతి ఇవాళే మొదటిసారి బయటపెడుతున్నాను.

ఇక రాజకీయం. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర ఒక చాయ్ బండి ఉంది. సాయంత్రం నేను దిగేసరికి అక్కడ రాష్ట్ర మంత్రివర్గం, ప్రతిపక్షం, ఎన్నికల సంఘం అన్నీ కొలువుదీరి ఉంటాయి. అందులో నాది జోస్యాల శాఖ. 2018లో హంగ్ అన్నాను. 119లో 88 అధికార పక్షానికే వచ్చాయి. 2019లో ఆంధ్రలో నువ్వా నేనా అన్నాను. 175లో 151 ఒకే పక్కకు పోయాయి. 2023లో పాత ప్రభుత్వమే మళ్లీ అన్నాను. కాంగ్రెస్ 64తో కూర్చుంది. ఇక లాభం లేదని 2024లో ఆంధ్రకు ఆచితూచి “ఒకటి రెండు సీట్ల తేడా, రాసిపెట్టుకోండి” అన్నాను. కూటమికి 164, అవతల 11. రాసిపెట్టుకున్నవాడు ఒక్కడే, చాయ్ బండి తమ్ముడు. “అన్నా, నువ్వు జెరంత జల్ది చెప్తే మేం దానికి ఎదురు అనుకుంటం గద” అంటాడు ఇప్పుడు. నిజానికి మా నియోజకవర్గం కూడా నాలాంటిదే. 2018లో రాష్ట్రమంతా కారెక్కితే మావాళ్లు చెయ్యి పట్టుకున్నారు. 2023లో రాష్ట్రం చెయ్యి పట్టుకుంటే మావాళ్లు కారెక్కారు. రెండుసార్లూ గెలిచిన మనిషి మాత్రం ఒక్కరే. నీళ్ల ప్రభావం అనుకుని నన్ను నేను ఓదార్చుకుంటాను.

నా అభిప్రాయాలకు నిలకడ ఉండదని మా ఆవిడ అంటుంది. అబద్ధం. చాయ్ ఉన్నంతసేపు ఉంటాయి. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు ఆ బండి దగ్గర కీరవాణి “మనోడు”. మరుసటేడు అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ను రాష్ట్ర గీతం చేసి బాణీ కట్టే పని కీరవాణికే ఇస్తే, అదే బండి దగ్గర, అవే గ్లాసులతో, “మనోడేనా?” అని చర్చ. నేను మొదటి గ్లాసుకు ఔనన్నాను, రెండో గ్లాసుకు కాదన్నాను. జూన్ 2న పాట వచ్చింది. రెండున్నర నిమిషాల పాట మీద మేం రెండు వారాలకు పైగా కొట్టుకున్నాం. చివరికి నేనే రాజీ కుదిర్చాను: “ఆస్కార్ బొమ్మ ఒకటి కొవ్వూరులో పుట్టిన కీరవాణికి, ఒకటి వరంగల్ వైపు చల్లగరిగెలో పుట్టిన చంద్రబోస్‌కు వచ్చింది. విభజన చట్టంలో ఇంకా తెగని పంచాయితీలు ఎన్నో ఉన్నాయి. తగాదా లేకుండా చెరోటి పంచుకున్నది ఇదొక్కటే.” ఆ రోజు నా చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. నా ప్రజాజీవితంలో దక్కిన సన్మానం అదే.

ఇంత పరువుతో బతుకుతుండగా వచ్చింది ఆ ఆదివారం.

మా బావమరిది తన కొత్త వియ్యంకుడిని వెంటబెట్టుకుని మిర్యాలగూడ నుంచి బస్సు దిగాడు. వియ్యంకుడు రిటైరైన తెలుగు మాస్టారు. “మా బావ అసుంటోడు కాదు, సంగీతం, పాత సినిమాలు తప్ప వేరే ముట్టడు” అని దారిపొడుగునా చెప్పుకొచ్చాడట. భోజనాలయ్యాయి. వక్కపొడి నోట్లో వేసుకుని మాస్టారు, “శంకరాభరణంలో ఏదైనా ఒక కీర్తన పెట్టించండి బావగారూ” అన్నారు. నేను గర్వంగా టీవీ వేసి యూట్యూబ్ తెరిచాను.

తెర మీద నా జీవితం వరసగా పరుచుకుంది.

మాస్టారికి కళ్లద్దాలున్నాయి, ఎదురుగా అక్షరాలున్నాయి. నలభయ్యేళ్లు పాఠాలు చెప్పిన నాలుక, ఊరుకుంటుందా? యతిస్థానాల దగ్గర ఆగుతూ పైకి చదవడం మొదలుపెట్టారు. “ఆ హీరోకీ ఆ నిర్మాతకీ... ఎక్కడ చెడింది? చివరి వరకూ చూడండి.” కింద ఎర్రగీత ఈ చివర నుంచి ఆ చివరకు. “లైవ్‌లో మైకు విసిరేసిన నేత.” ఎర్రగీత నిండుగా ఉంది. “బ్రహ్మానందం కామెడీ, మూడు గంటలు.” అదీ నిండుగానే. “షాకింగ్ నిజాళు...” అని ఆగి, “‘నిజాలు’ కదండీ ఉండాల్సింది? ళ పెట్టారేమిటి?” అని బాధపడ్డారు. ఆయన తప్పులు దిద్దుకుంటూ పోతుంటే, పరీక్ష తప్పిన పిల్లాడిలా నేను గోడకు అంటుకుపోయాను. ఆఖరున ఒక మూలన త్యాగరాజ ఆరాధన, పంచరత్న కీర్తనలు. బావమరిది మొహం వికసించింది. దాని కింద ఎర్రగీత గోరు కత్తిరించి పడేసినంత ఉంది. పక్కన ‘మాయాబజార్’, అదీ అంతే. పేర్లు పడేదాకా చూసినట్టున్నాను. నా జనరల్ నాలెడ్జి అంతా ఆ పేర్ల దగ్గరే ఎందుకు ఆగిపోయిందో మాస్టారికి క్షణంలో బోధపడింది.

“ఇది పిల్లల అకౌంటు అనుకుంటా” అన్నాను. మా అమ్మాయి లోపలి గదిలోంచి, “నేను ఫోన్‌లనే చూస్త నాన్నా, టీవీ నీదే” అని ధారాళంగా జవాబిచ్చింది. మా ఆవిడ అందరికీ చాయ్ తెచ్చింది. ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోతే నాకు భయం.

వాళ్లు వెళ్లాక ఆలోచించాను. చరిత్ర చెరిపేయడం ఎలాగో నాకు తెలియదు. అమ్మాయిని అడిగితే కారణం చెప్పాలి. అందుకని చరిత్రను తిరగరాయడానికి పూనుకున్నాను. రాత్రి అందరూ పడుకున్నాక ‘శంకరాభరణం’ పెట్టి, ఎవరికీ నిద్ర చెడకుండా సౌండ్ పూర్తిగా తీసేసి, సోఫాలో నడుం వాల్చాను. తెల్లవారేసరికి దాని కింద ఎర్రగీత నిండాలి. మరునాడు ‘సాగరసంగమం’. నెల తిరిగేసరికి నేను మళ్లీ రసికుణ్ణి. ప్రణాళికలో లోపం లేదు. నడిరాత్రి మా ఆవిడ మంచినీళ్లకు లేచింది. చీకట్లో టీవీ వెలుగుతోంది, సోమయాజులుగారు చెయ్యెత్తి, కళ్లెర్రజేసి, నోరు తెరిచి పాడుతున్నారు, చప్పుడు లేదు. ఎదురుగా నేను గురక.

నన్ను తట్టి లేపి అడిగింది: “పాపం, పెద్దాయన గొంతెందుకు నొక్కిండ్రు? మిమ్మల్నేమన్న అన్నడా?”

అంతా ఒప్పుకున్నాను. ఒక్క నవ్వు కూడా నవ్వలేదు. “మైకులు ఇసురుకునుడు మీరు రోజూ చూస్తరని నాకు ఎప్పుడో ఎర్కే. గోడవతల పడుకుంటే ఇనబడదా?” అంది. తర్వాత కొంచెం ఆలోచించి, “మనం ఉన్నది ఎవరి పేరు మీద?” అని అడిగింది.

“లాల్ బహదూర్ శాస్త్రి” అన్నాను. జనరల్ నాలెడ్జి ప్రశ్నకు నిద్రలో కూడా జవాబు వస్తుంది నాకు.

“ఆయన ఏం జెప్పిండు?”

1965. యుద్ధం, తిండిగింజల కరువు. సోమవారం రాత్రి భోజనం మానండని దేశాన్ని అడిగాడు. ఈ కాలనీకి కొత్తగా కాపురం వచ్చినప్పుడు, ఇరవై రెండేళ్ల పిల్ల ముందు గొప్ప కోసం ఈ ముక్క చెప్పింది నేనే. ఇన్నేళ్లు ఇనప్పెట్టెలో దాచి, అదును చూసి నా మీదే విసిరింది. “అట్లయితే ఇగ మనింట్ల సోమవారం సోమవారం టీవీకి ఒక్కపొద్దు” అని తీర్పు చెప్పి పడుకుంది.

మొదటి సోమవారం సాయంత్రం ఏడింటికి ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఫ్రిజ్ మాట్లాడుతున్నట్టు వినబడింది. అమ్మాయి తలుపేసుకుంది. నేను పేపరు తీసి, పొద్దున చదివిందే మళ్లీ చదివాను. పక్కింట్లో టీవీ మోగుతోంది. నలుగురు ఒకేసారి అరుస్తున్నారు. గొంతులను బట్టి ఎవరు ఏ పార్టీయో నేను చెప్పగలను, విషయం మాత్రం అందడం లేదు. గోడ దగ్గరికి కుర్చీ జరుపుకున్నాను. మా ఆవిడ చూసి చూడనట్టు ఊరుకుంది. ఏడున్నరకు పక్కింట్లో ఛానల్ మారి ఏదో సీరియల్ పాట వినబడింది. ఆమె గిన్నె తీసుకుని లేచింది. “పెరుగు తోడుకు పోయొస్త.”

తోడు తేవడానికి ఎంతసేపు పడుతుంది? ఎనిమిదయింది, ఎనిమిదిన్నరయింది. వెతుక్కుంటూ వెళ్లాను. పక్కింటి సోఫాలో పక్కింటి వదినతో కలిసి కూర్చుని ఉంది. గిన్నె ఒళ్లో ఖాళీగా ఉంది. “రాండ్రి, అయిపోవచ్చింది” అని పక్కకు జరిగింది. సీరియల్ అయ్యాక పక్కింటాయన మర్యాదకొద్దీ రిమోట్ నా చేతికిచ్చి, “మీరు సంగీతం వింటరట గద అన్నా, పెట్టుండ్రి” అన్నాడు.

పెట్టాను. మైకు విసిరేసిన నేత, రెండో భాగం.

ఇప్పటికి నాలుగు సోమవారాలయ్యాయి. ఒక్కపొద్దు పద్ధతిగా సాగుతోంది, మా టీవీలో కొత్త ఎర్రగీత లేదు. పక్కింటాయన టీవీ తెరిస్తే మాత్రం పై వరసంతా మావే కనబడుతున్నాయి. సౌమ్యుడు, వారం వారం భజనకు పోయే మనిషి. ఆయన ఇంటికి వియ్యాలవారు ఎప్పుడొస్తారో, పాపం.