గోల్కొండ రేటు

మాడ్రిడ్ మునిసిపాలిటీ 2019 అక్టోబరులో చేసిన ప్రకటనలో అన్నిటికన్నా ముచ్చటేసేది ఆ మర్యాద. అప్పటికి ఊళ్లో ఉన్న 12,000 అర్జెంటీనా చిలకల్లో చాలావాటిని నైతిక పద్ధతిలో చంపుతామన్నారు. గుడ్లు పొదగకుండా చూస్తామన్నారు. 2016లో తొమ్మిది వేలున్నవి మూడేళ్లలో మూడో వంతు పెరిగాయి గనుక ఇక ఊరుకోలేమన్నారు. చంపడంలోనూ నీతి తప్పని పాలకులు దొరకడం ఏ పక్షి జాతికైనా అదృష్టమే.

అయితే చిలక కేసుల్లో శిక్ష ఎవరికి వెయ్యాలన్నది తెలుగుదేశంలో పదిహేడో శతాబ్దంలోనే తేలిపోయింది. పాల్వంచ తహశీల్దారు కంచర్ల గోపన్న, అదే మన రామదాసు, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడు. సుల్తాను తానీషా కాగితాల్లో నేరం సర్కారు సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టడం. కథలో అసలు నేరం వేరు: పూర్వజన్మలో ఓ చిలకను పంజరంలో పెట్టడం. పెట్టింది పన్నెండు రోజులని చెప్పేవాళ్లున్నారు, పన్నెండేళ్లని చెప్పేవాళ్లూ ఉన్నారు. అనుమానం ఉంటే లాభం ముద్దాయికే కాబట్టి లెక్క తేలిక చేద్దాం. రోజులతో పని లేదు, ఒక్కో చిలకకు పన్నెండేళ్లు. ఇదే గోల్కొండ రేటు.

ఈ రేటు పట్టుకుని కోర్టును మాడ్రిడ్‌కు తరలిస్తే మొదట బోనెక్కాల్సింది దిగుమతి వ్యాపారి. ఎనభైల నుంచి 2005 దాకా ఉరుగ్వే, అర్జెంటీనాల నుంచి స్పెయిన్‌కు దిగిన ఈ జాతి చిలకలు లక్షకు పైనే. తక్కువలో తక్కువ లక్షే అనుకున్నా పన్నెండు లక్షల ఏళ్ల ఖైదు. ద్వాపరయుగం మొదటి రోజున లోపల వేసి ఉంటే ఆ యుగం మొత్తం గడిచి, కలియుగంలో ఈ అయిదు వేల చిల్లర ఏళ్లూ గడిచి, ఇంకా మూడు లక్షల ముప్పై వేల ఏళ్లు బాకీ ఉండేవి. సత్ప్రవర్తన కింద కాస్త తగ్గించినా విడుదల మాట ఇప్పట్లో లేదు.

"కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి హుజూర్" అంటాడు వ్యాపారి. నిజమే. పర్మిట్లున్నాయి, బిల్లులున్నాయి. పంట మీద పడి తింటోందని సొంత దేశంలో రైతు తిట్టుకునే పక్షి అది. పట్టి పంపితే అటు పీడా వదిలింది, ఇటు డబ్బూ వచ్చింది. కాగితాలదేముంది, గోపన్నా తహశీల్దారే కదా!

రెండో ముద్దాయి ఫ్లాటులో ఉండే పెద్దావిడ. "పచ్చగా ముద్దుగా ఉందని కొన్నానయ్యా. పొద్దున్నే లేచి ఒకటే అరుపు. పక్కింటివాళ్లు తగువుకొచ్చారు. పాపం అని కిటికీ తీశాను." ఒక చిలక, పన్నెండేళ్లు. వదిలేసిన పుణ్యానికి రాయితీ అడుగుతోంది. గోల్కొండ చట్టంలో రాయితీ ఒక్కటే: గోపన్నకు కట్టినట్టు రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీలై స్వయంగా వచ్చి ఆరు లక్షలు కట్టాలి.

మూడో ముద్దాయి యూరోపియన్ యూనియన్. 2005లో అడవి పక్షుల దిగుమతి ఆపింది. పక్షి మీద జాలితో కాదు, బర్డ్ ఫ్లూ తమకెక్కడ అంటుకుంటుందోనని. నాలుగో ముద్దాయి స్పెయిన్ సర్కారు. బార్సిలోనాలో ఈ చిలకలు మొదట కనిపించింది 1975లో. అమ్మకూడదు, ఉంచుకోకూడదు అని చట్టం వచ్చింది 2011లో. మధ్యలో ముప్పై ఆరేళ్లు. అంటే మూడుసార్లు రామదాసు జైలుకెళ్లి వచ్చేంత కాలం.

ఈలోగా చిలక తన పని తాను చేసుకుంది. బూడిదరంగు మొహం, బూడిదరంగు రొమ్ము, మిగతా ఒళ్లు చాలావరకు ఆకుపచ్చ. చిలక జాతుల్లో పుల్లలతో గూడు కట్టేది దాదాపు ఇదొక్కటే. దేవదారు కొమ్మ మీద ఒక జంట మొదలుపెడితే పక్కనే ఇంకో జంట, దాని కింద మరొకటి. ఎవరి గుమ్మం వాళ్లదే. ఏటా గదులు కలుపుకుంటూ పోయే ఆ అపార్టుమెంటు బరువుకు కొమ్మ విరిగి దారినపోయేవాళ్ల నెత్తిన పడుతుందని మునిసిపాలిటీ భయం. భయం అబద్ధం కాదు.

నష్టమూ అబద్ధం కాదు. సెవిల్‌లోని మరియా లూయిసా పార్కులో ఇంకో పంజరపు పక్షి, అచ్చంగా మన రామచిలకే, చెట్టు తొర్రల కోసం యూరప్‌లోకెల్లా పెద్ద గబ్బిలాల మీద పడింది. కొన్నిటిని పొడిచి చంపింది. పద్నాలుగేళ్లలో గబ్బిలాలున్న చెట్లు ఐదింట నాలుగు వంతులు తగ్గిపోయాయని దోన్యానా పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2018లో లెక్క తేల్చారు. కాబట్టి చిలకల సంఖ్య తగ్గించక తప్పదంటే ఒప్పుకోవాల్సిందే.

ఒప్పుకోలేనిది ఆ నీతి అనే మాటను చంపేటప్పుడు మాత్రమే తియ్యడం. గూట్లోంచి పట్టి, పెట్టెల్లో కుక్కి, సముద్రం దాటించి, అద్దాల వెనక ధర చీటీ కట్టినప్పుడు ఆ నీతి ఎక్కడుంది? ఆ లాభం ఎవరి జేబులోకో పోయింది. ఆ గబ్బిలం చావు కూడా ఆ ఖాతాలోదే. ఇప్పుడు వలల ఖర్చు, మనుషుల జీతాలు, కళేబరాలు పారేసే ఖర్చు పన్ను కట్టే జనానివి. ప్రాణం చిలకది. అమ్మినవాడు మాత్రం పరిశుద్ధుడు!

మన సంగతీ అంతే. రామచిలకను 1972 చట్టం కాపాడుతుంది, అమ్మకం 1990 దశకం మొదట్లోనే నిషేధించారు, అయినా హైదరాబాద్ పాతబస్తీలో ఆదివారం పూట రెక్కలు కత్తిరించిన చిలక దొరుకుతూనే ఉంటుంది. ఇక విదేశీ పక్షయితే 2019 నాటికి అడిగే దిక్కే లేదు. అప్పటి వన్యప్రాణి చట్టం కాపాడింది మన అడవి జీవాలనే. ఆఫ్రికా లవ్‌బర్డ్‌నైనా, ఆస్ట్రేలియా కాకటీల్‌నైనా, మాడ్రిడ్ చంపుతానన్న ఈ అర్జెంటీనా చిలకనే అయినా 2019లో ఇంట్లో పెట్టుకున్నవాడు ఏ అటవీ అధికారికీ చెప్పక్కర్లేకపోయేది. విసుగొచ్చి కిటికీ తీసినా చెప్పక్కర్లేకపోయేది. ఇరవై ఏళ్లకో ముప్పై ఏళ్లకో మన కార్పొరేషనూ నైతిక పద్ధతికి టెండర్లు పిలుస్తుంది. ఆ టెండరు సొమ్మేదో ఇప్పుడే, దుకాణం కౌంటరు దగ్గరే, ఒక్కో పక్షి ధరలో కలిపి వసూలు చెయ్యమనండి. ఎంతమంది కొంటారో, ఎంతమంది అమ్ముతారో చూద్దాం.