వివరాల్లోకి వెళితే మావయ్య

మా మావయ్య ఏ కబురు చెప్పినా ముందు హెడ్డింగు పెడతాడు. పొద్దున్నే ఫోనెత్తగానే "మారీసుపేటలో విషాదం" అంటాడు. మన గుండె జారిపోయాక, ఓ గుక్క కాఫీ తాగి, "వివరాల్లోకి వెళితే" అని మొదలుపెట్టి, వాళ్ల వీధిలో వేపచెట్టు కొట్టేశారని చెబుతాడు. "అధికారులు తక్షణం స్పందించాలని స్థానికులు కోరుతున్నారు" అనకుండా మాత్రం ఫోను పెట్టడు. ఆ స్థానికులు ఆయనొక్కడే.

ముప్పయ్యేళ్లు తెనాలిలో ఓ దినపత్రికకు కంట్రిబ్యూటరుగా చేశాడు. జీతం కాదు, లైన్ ఎకౌంటు. అచ్చయిన వార్తలు కత్తిరించి, కాగితాలకు అంటించి, స్కేలుతో కొలిచి నెలాఖరుకి బిల్లు పంపుకోవాలి. అందుకే ఆయనకి లోకం సెంటీమీటర్లలోనే కనబడుతుంది. మంత్రిగారొస్తే ఇరవై. గేదె కాలవలో పడితే నాలుగు, దాన్ని పైకి లాగిన కుర్రాడి ఫొటో కూడా దొరికితే తొమ్మిది. ఇల్లు గడిచింది మాత్రం మా అత్తయ్య కుట్టుమిషను మీద. కొత్తవాళ్లకి సలహాలిచ్చేటప్పుడు ఆ సంగతి ఆఖరి పేరాలో పెడతాడు. డెస్కువాళ్లు కోసేది కింద నుంచేనని ఆయనకి తెలుసు.

ఆయన మీద నాకో పాత బాకీ ఉంది. ఇరవయ్యేళ్లప్పుడు రాసిన నా మొదటి కథ చూడమని ఇచ్చాను. ఎర్ర పెన్ను తీశాడు. "ఒరేయ్, పిల్ల చచ్చిపోయిన సంగతి ఆరో పేజీలోనా చెప్పేది? అప్పటిదాకా ఎవడు చదువుతాడు? పైకి తే!" అన్నాడు. తెచ్చాను. మొదటి వాక్యంలోనే కథానాయిక వయసూ ఇంటిపేరుతో సహా కన్నుమూసింది. ఆమె ప్రేమంతా 'వివరాల్లోకి వెళితే' కింద సర్దుకుంది. రెండు వారాల్లో కథ తిరుగు టపాలో వచ్చేసింది. "ఆ ఎడిటర్‌కి వార్త తెలీదురా" అన్నాడు మావయ్య.

ఈమధ్య బాపట్లలో మా చెల్లెలి కూతురు డిగ్రీ పూర్తిచేసి జర్నలిస్టునవుతానంది. మర్నాడు పొద్దున్నే మావయ్య రైలెక్కి అక్కడ దిగాడు.

"తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం గురించి 1913లో తొలి ఆంధ్ర మహాసభ మాట్లాడుకుంది మీ ఊళ్లోనేనమ్మా. అయినా ఊరు వదిలెయ్. కొడవటిగంటి కుటుంబరావు 1909లో తెనాలిలో పుట్టాడు. చక్రపాణిదీ మా తెనాలే. నాగిరెడ్డితో కలిసి 1947లో ఈయన చందమామ పెడితే, కుటుంబరావు 1952 నుంచి పోయేదాకా దాన్ని నడిపాడు. ఎక్కడ? మద్రాసులో! కాలవగట్టు మీద కూచుంటే అయ్యేదా?"

పిల్ల హైదరాబాదులో ఓ కోర్సుకి దరఖాస్తు నింపింది. అది తెలిసి వారం తిరక్కుండా మావయ్య మళ్లీ ప్రత్యక్షం.

"ఊరు వదలకమ్మా! శారద సంగతి తెలుసా? అసలు పేరు నటరాజన్, తమిళుడు. చిన్నతనంలో తెనాలి వచ్చి, హోటల్లో సర్వరు పని చేస్తూ, తెలుగు నేర్చుకుని, 'మంచీ చెడూ', 'అపస్వరాలు' రాశాడు. రాసేవాడికి ఊరుతో పనేంటి?"

"మరి బాగా బతికాడా తాతయ్యా?"

మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "1955లో పోయాడమ్మా. ముప్పై దాటాయంతే." ఆ ఒక్కసారీ హెడ్డింగు లేదు, స్థానికులు ఏమీ కోరలేదు.

పిల్లే తేరుకుని, "ఇప్పుడు యూట్యూబు చానెళ్లున్నాయిగా" అంది.

"దాన్లో సెంటీమీటర్లు ఎలా కొలుస్తారు?" నిజంగానే అడిగాడు.

ఆయనకి ఇంకో బాధ 2022 ఏప్రిల్ 4న మొదలైంది. ఆ రోజు బాపట్ల జిల్లా అయింది. రేపల్లె అందులోకి పోయింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. రేపల్లెలో ఆయన వియ్యంకుడికి సన్మానం జరిగితే ఫొటో బాపట్ల జిల్లా పేజీలో పడింది. తెనాలి వచ్చే పేపర్లో ఆ పేజీ ఉండదు. ముప్పై పైచిలుకు కిలోమీటర్లు రైల్లో వెళ్లి, ఐదు సెంటీమీటర్లు చూసొచ్చాడు.

ఇన్ని సలహాల్లో పనికొచ్చేది లేకపోలేదు. "ఏది మరిచినా ఇనీషియల్ మరవకు" అంటాడు. ఒకసారి చావు వార్తలో ఒక్క అక్షరం తప్పు రాశాడట. అచ్చయిన పేరుగల పెద్దమనిషి తెల్లారేసరికి పేపరు చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మావయ్య దొడ్డిదారిన పోయాడు. అత్తయ్య ఆయన్ని కూచోబెట్టి కాఫీ ఇచ్చింది.

ఈయన్ని చూసి నవ్వే అర్హత నాకుందనే అనుకున్నాను, పోయిన నెల దాకా. రేపల్లె రైల్లో ఎదురుగా కూచున్న కుర్రాడు, నా చేతిలో పత్రిక చూసి, రచయిత కావాలంటే ఏం చెయ్యాలండీ అన్నాడు. తెనాలి దాటగానే మొదలుపెట్టాను. రోజుకి రెండు పేజీలు రాయమన్నాను. రాసింది చించెయ్యమన్నాను. ఉద్యోగం మానొద్దన్నాను, ఉద్యోగముంటే రాయలేవన్నాను. వేమూరు వచ్చేసరికి నా మొదటి కథ సంగతికొచ్చాను. రేపల్లెలో అక్కగారింటికని చెప్పిన కుర్రాడు భట్టిప్రోలులో దిగిపోయాడు.

మా పిల్ల చివరికి ఎవరి మాటా వినలేదు. బాపట్లలోనే ఓ పత్రికకు కంట్రిబ్యూటరుగా చేరింది. మొదటి వార్త సూర్యలంక బీచిలో చెత్త గురించి. పేరు వెయ్యలేదు. మావయ్య ఆ పేపరు తెప్పించుకుని, కత్తిరించి, తన పాత బిల్లుల పుస్తకంలో అంటించి, స్కేలు పెట్టాడు. "ఏడున్నర! నా మొదటిది ఆరే" అని ఊరంతా ఫోన్లు చేశాడు.

మొన్న వాళ్లింటికెళ్లినప్పుడు నేనూ స్కేలు పెట్టి చూశాను. ఏడే.